అడవిలో వినిపించిన పెద్దమ్మ గొంతు

పోయిన వారం మా పెద్దమ్మ పోయింది. జూలూరుపాడు నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "చెల్లె, అమ్మ లేదే. పూజ చేసుకొని కూసున్నది, గట్లనే ఒరిగిపోయింది" అన్నాడు. నన్ను అడవిలోంచి ఇంటికి తెచ్చిన మనిషి ఆమె. మీకు ఆమె గురించి చెప్పాలనిపించింది.

భద్రాచలం బోర్డున్న బస్సు ఇంటి ముందు నుంచి పోతే చాలు, చేతిలో పని వదిలేసి దండం పెట్టేది. "బస్సుకు మొక్కుడేందే?" అని పెద్దనాన్న నవ్వితే, "బస్సుకు కాదు, అందుల పోయెటోళ్లకు. నా మొక్కు వాళ్లు చెప్తరు" అనేది. పాట మాత్రం ఘోరంగా పాడేది. భజనలో ఆమె గొంతెత్తితే తాళాలు తడబడేవి.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఫారెస్టు గార్డుగా పనిచేసే మా నాన్న దొంగ టేకు లారీని పట్టుకున్నాడు. వదలమని బెదిరించినా వినలేదు. బడి నుంచి వస్తున్న నన్ను ఇద్దరు మనుషులు జీపులో వేసుకొని అడవిలోకి తీసుకుపోయారు. పోలీసులు మేం వెతుకుతాం, మీరు ఇంట్లోనే ఉండండి అన్నారు. పెద్దమ్మ ఉండలేదు.

"నీకు దారి తెల్వదు గదా వదినా" అని నాన్న ఏడిస్తే, "నాకు తెల్వకుంటేంది, రామునికి తెల్వదా? అడవుల తిరిగినోడే గదా" అని బయల్దేరిందట.

ఊరూరా అడుగుతూ పోయింది. ఒక గూడెంలో ముసలమ్మ, గుట్ట అవతల పాడుబడ్డ పాక నుంచి పొగ లేస్తోందని చెప్పింది. తమ దేవత రాయికి మొక్కి ముందు నడిచింది. పెద్దమ్మ కూడా ఆ రాయికే మొక్కింది. గూడెం వాళ్లంతా వెంట వచ్చారు.

ఆ మధ్యాహ్నం పాకలో ముడుచుకొని ఉన్న నాకు, దూరంగా శ్రుతి లేని భజన వినిపించింది. అలా పాడే మనిషి లోకంలో ఒక్కతే. "పెద్దమ్మా!" అని గొంతు చించుకున్నాను. ఒకడు నా నోరు మూశాడు. పాట ఆగింది. చెట్ల మధ్య నుంచి గొడ్డళ్లు పట్టుకొని మనుషులు రావడం చూసి, వాళ్లిద్దరూ నన్ను వదిలి పరుగెత్తారు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, "నీకు భయం కాలేదా?" అని.

"అయింది బిడ్డా. అందుకే పాడిన" అంది.

తిరుగుదారిలో వాగు దగ్గర నాన్న ఎదురొచ్చి నన్ను ఎత్తుకోబోయాడు. పెద్దమ్మ ఇవ్వలేదు. ముళ్లు దిగిన కాళ్లను నీళ్లలో పెట్టి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని, కొంగు తడిపి నా ముఖం తుడిచింది. మట్టి ఎప్పుడో పోయింది. ఆమె తుడుస్తూనే ఉంది.