మచ్చలతో సహా

మా మేనత్త నూనె రంగులతో మనుషుల బొమ్మలు వేస్తుంది. టైర్ల కొట్టు పైనున్న గదిలో ఆమె పని. ఒంటి రంగు అని ట్యూబుల్లో అమ్మే గులాబీ ముద్దను ఎవరైనా తెచ్చిస్తే ఒంటికాలి మీద లేస్తుంది. "మనుషులందరికీ కలిపి ఒకే చొక్కా కుడతారా ఎవరైనా?" అంటుంది. ముందు ముఖమంతా ఆకుపచ్చ కలిసిన బూడిదరంగులో వేసి, దాని మీద పసుపూ ఎరుపూ పల్చగా పొరలు పొరలుగా పూస్తుంది. మధ్యలో తొంగిచూసిన వాళ్ళకి తమ పచ్చటి ముఖం కనపడి గుండె గుభేలుమంటుంది. నాకైతే అదే పెద్ద వినోదం.

ఒకసారి రిటైరవుతున్న బస్సు డ్రైవరు వచ్చాడు. చామనఛాయ ముఖం నిండా బొల్లి మచ్చలు. ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయే మనిషిని భార్య బతిమాలి లాక్కొచ్చింది. "ఇంట్లో ఈయన ఫొటో ఒక్కటీ లేదమ్మా" అందామె. ఆమె మెట్లు దిగగానే డ్రైవరు గొంతు తగ్గించి, "మచ్చలు వద్దమ్మా. ముఖమంతా ఒకటే రంగు వేసెయ్యండి" అన్నాడు.

ఎవరి మాటా వినని అత్త ఆ గొంతుకి కరిగిపోయింది. తప్పు అక్కడే చేసింది. ఎండకి కమిలిన నుదురూ, కళ్ళ కింద నీలం నీడా, అన్నీ అచ్చు దింపింది, మచ్చలు తప్ప.

భార్య వచ్చి చాలాసేపు చూసింది. "బొమ్మ బాగుందమ్మా. కానీ ఈయనెవరు? నేనీ మనిషితో కాపురం చెయ్యలేదే!" అంటూనే ఏడ్చేసింది. డ్రైవరు తల దించుకున్నాడు. "సరే, ఉన్నదున్నట్టు వెయ్యండి" అన్నాడు, శిక్షకి ఒప్పుకున్నట్టు.

అత్త ఆ బొమ్మని గోడకేసి తిప్పి, కొత్త కాన్వాసు తీసింది. మచ్చల్లో ఉత్త తెల్లరంగు ఎక్కడా పెట్టలేదు. చెంప మీద నెత్తురు తెలిసేలా గులాబీ, దవడ నీడలో ఊదా, నీలం చొక్కా దగ్గర కాస్త నీలం. రెండు రంగులు కలిసే అంచుని వేలితో అద్ది మెత్తబరిచింది. ఆ పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది నాకు.

బొమ్మ పూర్తయ్యాక డ్రైవరు కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్ళాడు. అంగుళం అంగుళం వెతికాడు.

"ఏమైనా తేడా ఉందా?" అంది అత్త.

"ఉందమ్మా" అన్నాడాయన, తన చెవి తమ్మె లాగి చూపిస్తూ. "ఇక్కడొక మచ్చ వదిలేశారు."