మెక్‌గ్రూడీల సగోత్రం

2022 వేసవి. ఉత్తర కరోలినాలో మా కౌంటీ లైబ్రరీ, రెండో అంతస్తులో లోకల్ హిస్టరీ గది. ఐరిష్ వంశాల గురించి ఏ సందేహం వచ్చినా అమెరికా నలుమూలల నుంచీ జనం నా దగ్గరికే వచ్చేవారు. సరే, అమెరికా కాదు, మా కౌంటీ. అందులోనూ అందరూ కాదు, పార్కింగ్ దొరికినవాళ్ళు. ఆ గదికి జీనియాలజిస్టును, అంటే వంశాల ఆరా తీసిపెట్టే ఉద్యోగిని, నేనొక్కణ్ణే. ఇంకో దారి లేక నా ఎదుట కూర్చునేవారు.

మెకానికల్ ఇంజనీరుగా వచ్చిన గుంటూరువాడు ఈ పనిలోకి ఎలా దిగాడని అడుగుతారు. నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది, లైబ్రరీలో ఖాళీ ఉంది. ఇంతకన్నా గొప్ప కథ ఒకటి నా దగ్గరుంది గానీ అది నేను కల్పించింది.

మా పనికి పద్ధతి ఒకటే. బతికున్న మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరమే వెనక్కి నడవాలి, ప్రతి అడుగుకీ ఆధారం చూపించాలి. వీలునామా కావచ్చు, పెళ్ళి రికార్డు కావచ్చు, డీడ్ కావచ్చు. డీడ్ అంటే మన భూమి దస్తావేజే. వచ్చేవాళ్ళు మాత్రం తమ మూలపురుషుడు ఐర్లండులో రాజని ముందే తేల్చుకుని వస్తారు. అంతమంది రాజులు పడవెక్కితే అక్కడ వ్యవసాయం ఎవరు చేశారో నాకిప్పటికీ తెలియదు.

ఆ జూన్‌లో నోరీన్ మెక్‌గ్రూడీ వచ్చింది. వయసు ఎనభై ఒకటి. గదంతా కలయజూసి, "జీనియాలజిస్ట్ ఎక్కడ?" అంది.

"నేనేనండీ. రావు అంటారు."

"ఐరిష్ కుటుంబాల సంగతి మీకు తెలుసా?"

"మీకన్నా బాగానే తెలుసు."

"అదేమంత గొప్ప కాదులే, నాకసలేమీ తెలీదు" అంటూ కుర్చీ లాక్కుంది.

సంగతేమిటంటే, ఆమె మనవరాలు కేటీకి పెళ్ళి కుదిరింది. కేటీ తల్లిదండ్రులు విడిపోయి చెరో రాష్ట్రానికి వెళ్ళిపోతే నోరీనే పెంచి పెద్దచేసింది. పెళ్ళికొడుకు షాన్ పెన్సిల్వేనియా వాడు. మంచివాడు, ఉద్యోగం ఉంది, నోరీన్ చేసిన మీట్‌లోఫ్ రెండోసారి అడిగి తిన్నాడు. వచ్చిన చిక్కల్లా అతని ఇంటిపేరు కూడా మెక్‌గ్రూడీ కావడం.

"ఏటా మా వాళ్ళందరం ఒకచోట కలుస్తాం. మెక్‌గ్రూడీలంతా ఒకే మనిషి పిల్లలని, వీళ్ళంతా నీ అన్నదమ్ములేనని దానికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నేనే చెప్పాను. ఇప్పుడు వాళ్ళలో ఒకణ్ణి చేసుకుంటానంటే ఏ మొహంతో చర్చిలో కూర్చోను? షాన్ వాళ్ళు వేరే మెక్‌గ్రూడీలని మీరు తేల్చండి. అప్పుడొస్తాను పెళ్ళికి. లేకపోతే రాను."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఈ భయం నాకు బాగా తెలిసిందే. ఒక గోత్రం వాళ్ళంతా ఒక తండ్రి బిడ్డల కింద లెక్క, వాళ్ళలో వాళ్ళకి పెళ్ళి కూడదు. మా ఇళ్ళలో దాన్ని సగోత్రం అంటారు. అట్లాంటిక్ దాటి, మూడొందల ఏళ్ళు గడిచి, అదే భయం పూలగౌను వేసుకుని నా ఎదురుగా కూర్చుంది.

షాన్ వైపు సులువుగా తేలింది. అమెరికా ఇంకా బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్న రోజుల్లో ఓవెన్ మెక్‌గ్రూడీ అనేవాడు పెన్సిల్వేనియాలో దిగాడు. రాజు కాదు, ఇండెంచర్డ్ సర్వెంట్. ఓడ ఖర్చు పెట్టినవాడి దగ్గర కొన్నేళ్ళు ఊరికే చాకిరీ చేస్తానని ఒప్పుకుని వచ్చిన మనిషి. అతని కొడుకు డెనిస్, ఆ డెనిస్ వంశంలోవాడు షాన్.

కేటీ వైపు వెనక్కి నడుస్తూ పోతే కరోలినాలో జాన్ అనేవాడి దగ్గర దారి ఆగిపోయింది. మేం దాన్ని బ్రిక్ వాల్ అంటాం, ఇటుక గోడ. అతను ఎక్కణ్ణుంచి వచ్చాడో ఏ కాగితమూ చెప్పదు. అప్పుడు చేసే పని ఇరుగుపొరుగుని పట్టుకోవడం. ఆ కాలంలో ఎవరూ ఒంటరిగా బండి కట్టేవారు కాదు, పక్క పొలాలవాళ్ళంతా కలిసే దక్షిణానికి దిగేవారు. ఆ గోడని నేను ఒక్క మధ్యాహ్నంలో బద్దలు కొట్టాను. సరే, ఐదు వారాలు పట్టింది. జాన్‌కి ఇక్కడ పక్క పొలాలవాళ్ళు ఇద్దరు జర్మన్లు, ఒక కమ్మరి. ఆ ముగ్గురే పెన్సిల్వేనియాలోనూ పక్కపక్కనే దొరికారు, ఎవరి పక్కన? ఓవెన్ పక్కన. తండ్రి పొలాన్ని కొడుకులు జాన్, డెనిస్ కలిసి అమ్మి సంతకాలు పెట్టిన డీడ్ కూడా ఆ వెంటే బయటపడింది.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. అటువంటి లంకె దొరకడం మా వృత్తిలో లాటరీ తగలడం లాంటిది. నోరీన్ మెట్లెక్కి వస్తుండగానే గదిలోంచి అరిచాను: "దొరికింది! ఇద్దరూ ఒకే మనిషి వంశం! అన్నదమ్ముల పిల్లలు!"

చదువుకుంటున్న వాళ్ళు తలలెత్తారు. నోరీన్ మొహం పాలిపోయింది. ఎనిమిదో తరం కజిన్స్ అనీ, చట్టానికి పట్టదనీ, అంత దూరంలో రక్తసంబంధం దాదాపు లేనట్టేననీ గబగబా చెప్పాను. వింది. హ్యాండ్‌బ్యాగ్ జిప్ వేసుకుంది.

"థాంక్యూ మిస్టర్ రావు. చాలా కష్టపడ్డారు." వెళ్ళిపోయింది.

సాయంత్రం కేటీ ఫోన్. నాయనమ్మతో ఒకసారి లైబ్రరీకి వచ్చిన పిల్లే, నర్సు, మామూలుగా గట్టి గొంతు. ఆ పూట కాదు. "అంకుల్... సారీ, మిస్టర్ రావు, గ్రాండ్మా రానంటోంది. తను లేకుండా నేను పెళ్ళి చేసుకోలేను. పెళ్ళి ఇంకా మూడు వారాలే. మీరేమన్నారసలు?"

ఏం చెప్పను? నిజమే చెప్పాను, కానీ జాతరలో చెప్పినట్టు చెప్పాను.

అన్నం ముందు కూర్చుని సుభద్రకి కథంతా వినిపించాను. సుభద్ర నా భార్య. అమెరికాలో నలభై ఏళ్ళున్నా పంచాంగం చూడందే కారు కొనని మనిషి.

"అయితే సగోత్రమేనన్నమాట."

"ఎనిమిది తరాల కిందటి సంగతే!"

"ఎనిమిదైతేనేం? ఆవిడ భయం ఆవిడది. అయినా దీనికింత బెంగ దేనికండీ? మా పిన్ని కూతురికి ఇలాగే వస్తే ఏం చేశారు? పిల్లని వేరే గోత్రం వాళ్ళకి దత్తత ఇచ్చారు. గోత్రం మారింది, వాళ్ళే కన్యాదానం చేశారు. మనమిద్దరం లేమూ?"

లైబ్రరీ పుస్తకాలన్నీ తిరగేసినా ఈ మాట దొరకదు.

మర్నాడే నోరీన్ వంటింట్లో టీ ముందు కూర్చుని విషయం చెప్పాను. ఆమె చెంచా తిప్పుతూనే వింది.

"కోర్టులో చెల్లుతుందా ఇది?"

"చెల్లదు."

"ఎంత పాత ఆచారం?"

"ఐర్లండు పుట్టకముందుది."

నన్ను అలా చూస్తూనే ఉంది.

"నాకు తెలీదండీ" అన్నాను. "కానీ దీని పుణ్యాన ఆగిపోయే పెళ్ళిళ్ళు జరిగాయి. పెద్దవాళ్ళు నిశ్చింతగా అక్షింతలు వేశారు."

"చర్చిలో బిడ్డకి పేరు పెట్టేటప్పుడు అమ్మానాన్నల్లా నిలబడే గాడ్‌పేరెంట్స్ లాగానా?"

"అలాగే అనుకోండి."

చెంచా సాసర్లో పెట్టి, "కేటీ ఒప్పుకుంటే" అంది. కేటీ అప్పటికే వంటింటి గుమ్మంలో నిలబడి తల ఊపుతోంది.

దత్తత మా ఇంట్లోనే జరిగింది. నలుగురు పురోహితులు వేదం చదువుతుంటే ఇల్లు మారుమోగిపోయింది. ఒక్కరేలెండి. ఆయన కూడా ఫోన్లోనే, ఇంకో ముహూర్తానికి హైవే మీద డ్రైవ్ చేస్తూ.

"అబ్బాయిది ఏ గోత్రమండీ?"

"మెక్‌గ్రూడీ."

కాసేపు కారు ఇండికేటర్ చప్పుడే వినిపించింది. "ఆ ఋషి పేరు నేనెక్కడా చదవలేదే!"

"ఐర్లండు ఋషి లెండి."

"మరి అమ్మాయిది?"

"అదీ మెక్‌గ్రూడీయే. అందుకేగా మీకు ఫోన్ చేసింది!"

ఆయన నవ్వాపుకుని మంత్రం ఎత్తుకున్నారు. నోరీన్ కేటీ చెయ్యి తీసి సుభద్ర చేతిలో పెట్టింది. వెంటనే వదల్లేదు. ఆ చెయ్యి వదలడానికి పట్టినంత సేపూ ఫోన్లో మంత్రం నడుస్తూనే ఉంది. కేటీ ఆ పూట నుంచి మా భారద్వాజ గోత్రం.

పెళ్ళికి నోరీన్ వచ్చింది. ముందు వరసలో, లేత నీలం టోపీ పెట్టుకుని. కేటీకి ఒక పక్క నేనూ ఒక పక్క సుభద్రా నడిచాం. నన్ను చూసి చర్చంతా కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు చూసింది సుభద్ర కంచిపట్టు చీరని. కళ్ళు తుడుచుకుంది మాత్రం నేనే.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కేసు నాకొకటి నేర్పింది. వంశం అడగడానికి వచ్చే మనిషికి కావలసింది ఎప్పుడూ తాతల పేర్లే కాదు. ఆ పేర్లు తెలిశాక రేపేం చెయ్యాలో తెలియాలి. అది కాగితంలో ఉండదు. అప్పట్నుంచీ ఏదైనా దొరికితే అరవడం మానేశాను, ముందు కుర్చీ వేసి, ఎందుకు వెతుకుతున్నారని అడుగుతున్నాను.

రిసెప్షన్‌లో నోరీన్ నన్ను పక్కకి పిలిచింది. "కేటీ మీ కూతురైతే, నేను మీకేమవుతాను?"

వరసలు కట్టడమేగా నా వృత్తి. "కేటీకి మీరు నాయనమ్మ కాబట్టి నాకు అమ్మవుతారు" అన్నాను గొప్పగా.

కేకు తింటున్న సుభద్ర చెయ్యి ఆగిపోయింది. "అంటే నాకు?"

"అత్తగారు."

ఇప్పుడు నోరీన్ ఆదివారాలు మా ఇంటికే భోజనానికి వస్తుంది. పప్పులో ఉప్పు తక్కువంటుంది, కర్టెన్లు ఉతికి ఎన్నాళ్ళయిందంటుంది. ముప్పై ఏళ్ళుగా అత్తగారు లేకుండా హాయిగా ఉన్న ఇల్లిది. ఆ మధ్య ఆమె కారు మలుపు తిరగ్గానే సుభద్ర నావైపు తిరిగింది.

"ఐడియా ఎవరిది?" అన్నాను.

అంతే, వారం రోజులు నాతో మాట్లాడలేదు. సరే, అరగంట.