గెట్ టీచరుగారి గొడుగు

మా పక్క ఖాళీ స్థలంలో పొద్దున్నుంచి ఎవరో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. నేలలో పాతిన గునపం మీద కాయను గుచ్చి, మెలితిప్పి, డొక్క ఊడదీసి, కుప్ప మీదికి విసిరినప్పుడల్లా ‘ధబ్’మని చప్పుడు. అది చెవిన పడితే చాలు, నోట్లో ఇడ్లీ ఉన్నా నా నాలుక ఆగదు. ఒక ధబ్‌కి ‘ఐ గెట్ అప్’ అంటుంది. ఇంకో ధబ్‌కి ‘ఐ గెట్ రెడీ’ అంటుంది. వంటింట్లోంచి మా ఆవిడ “ఎవరితోనండీ మాటలు?” అంది. “టీచరుగారితో,” అన్నాను. ఆవిడ పోయి చాలా కాలమైందని మా ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నాలుకకే ఇంకా కబురు అందలేదు.

సుగుణమ్మ టీచరుగారిది మామిడికుదురు. బడి నుంచి రిటైరయ్యాక గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి ఇంగ్లీషు చెప్పేవారు. ఇంగ్లీషంటే మొత్తం ఇంగ్లీషు కాదు, ఒకే ఒక్క మాట. అందుకే మండలమంతా ఆవిడను గెట్ టీచరుగారనేది. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు నన్ను గోదాట్లో ముంచి తేల్చి మళ్ళీ ముంచుతున్న రోజుల్లో ఆవిడ దగ్గర చేరాను. మస్కట్‌లో హోటలు ఉద్యోగం దొరికిందా, సరే. లేదంటే ఉప్పలగుప్తంలో మా మేనమామ రొయ్యల చెరువుల దగ్గర కాపలా. అక్కడి దోమలు పిచ్చుకలంత ఉంటాయి. కుట్టేముందు మనిషిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటాయి. కాబట్టి నాకు ఇంగ్లీషు ప్రాణావసరం.

మొదటి రోజే ఆవిడ తేల్చేశారు. “చూడండి బాబూ, మనకి లేవడం వేరు, ఎక్కడం వేరు, దిగడం వేరు, తడవడం వేరు, కోపం రావడం వేరు, పెళ్ళవడం వేరు. పాపం వాళ్ళకి అన్నిటికీ ఒక్క గెట్టేనండి. ఒకే గిన్నెలో పప్పూ పులుసూ పాయసం కాచుకునే సంసారం. ఆ గిన్నె మన చేతికొచ్చేస్తే వాళ్ళ వంటిల్లంతా మనదే!”

ఆ గిన్నెలోకి చూసిన కొద్దీ నాకు పూనకం వచ్చింది. ఉత్తరం అందినా గెట్. జ్వరం తగిలినా గెట్. చెప్పింది అర్థమైనా గెట్. బస్సెక్కితే గెట్ ఆన్, దిగితే గెట్ ఆఫ్, ఇంటికి చేరితే గెట్ హోమ్. ఒక్క మాట పట్టుకుని పొద్దున్న పక్క మీంచి లేచి రాత్రి పక్క మీద పడేదాకా బతికెయ్యొచ్చు!

క్లాసు జరిగేది వాళ్ళ పెరట్లోనే. భర్త యేసురత్నం బాబాయిగారు అక్కడ కాయలు ఒలిచేవారు. కాయ కుప్ప మీద పడేలోపు మేము గెట్‌తో ఒక వాక్యం చెప్పెయ్యాలి. అంటే మా చదువు వేగం బాబాయిగారి చేతిలో ఉండేది. వాళ్ళిద్దరికీ మాటలు బాగున్న రోజు కాయకీ కాయకీ మధ్య ఒక కునుకు తీసేవాళ్ళం. పోట్లాడుకున్న రోజు మాత్రం పెరడంతా పిడుగులే. ఒకసారి చేపల పులుసులో ఉప్పు దగ్గర గొడవైంది. ఆ ఒక్క పూటలో మాకు ఏడాది ఇంగ్లీషు వచ్చేసింది.

ఇంటర్వ్యూకి ముందురోజు నాకో అనుమానం వచ్చింది. “టీచరుగారండీ, గెట్ అవుట్ చెప్పనేలేదు?”

“అది చెప్పనండి బాబూ.”

“అడిగితేనండీ?”

“మనింటికొచ్చిన మనిషిని అనే మాటాండి అది? మిగతా గెట్‌లు బోలెడున్నాయి. వాటితో సర్దుకోండి,” అన్నారు. బాబాయిగారు గునపం దగ్గర్నుంచి “ఆయ్!” అన్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంటర్వ్యూ అమలాపురంలో ఒక లాడ్జి మేడ మీద. మస్కట్ నుంచి వచ్చిన మేనేజరు కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడలేదు, అంత మనిషి. ఆయన పరీక్ష ఒకటే. “నేను మీ హోటల్లో గొడవ చేస్తున్న అతిథిని. నన్ను బయటికి పంపు.” నా ముందు వెళ్ళినవాళ్ళు ‘గెట్ అవుట్!’ అని అరిచిన అరుపులు గోడలు దాటి నాకు వినబడ్డాయి. వాళ్ళే బయటికొచ్చేశారు, ఆయన కదల్లేదు.

నా వంతు వచ్చింది. సినిమాలు చూసిన ప్రతివాడికీ ఆ మాట తెలుసు, నాకూ తెలుసు. కానీ టీచరుగారి నోట రాని మాట నా నోటా రాలేదు. కళ్ళముందు దోమలు బారులు తీరాయి. ఇక మిగిలినవాటితోనే మొదలుపెట్టాను. “సర్, గెట్ అప్ అండీ,” అని చెయ్యి అందించాను. లేచారు. “గెట్ యువర్ బ్యాగ్ అండీ.” తీసుకున్నారు. “గెట్ డౌన్ స్లోలీ అండీ, మెట్లు జారతాయి.” మోచెయ్యి పట్టుకుని దింపాను. కింద వాన. లాడ్జివాళ్ళ గొడుగు విప్పి, నేను తడుస్తూ, “డోంట్ గెట్ వెట్ అండీ” అంటూ గేటు దాకా నడిపించాను. మా వైపు ఎవర్నీ గేటు దాకా సాగనంపకుండా వదలం కదా! అక్కడ ఆటో ఉంది. “గెట్ ఇన్ అండీ,” అన్నాను. ఎక్కారు. ఆటోవాడు బేరం కుదిరిందనుకుని లాగించేశాడు!

గొడుగుతో వెంటపడ్డాను. గడియార స్తంభం దగ్గర గానీ ఆటో దొరకలేదు. మేనేజరు లోపల పొట్ట పట్టుకుని ఊగిపోతూ నవ్వుతున్నారు. ఆ ఊపుకి ఆటో కూడా ఊగుతోంది. “పొద్దున్నుంచి అందరూ అరిచారయ్యా, ఒక్కడూ నన్ను కుర్చీలోంచి లేపలేకపోయాడు. నువ్వు ఊరు దాటించేసేలా ఉన్నావు!” అని ఇంగ్లీషులో అన్నారు. ఉద్యోగం అక్కడే, ఆ వానలోనే ఇచ్చేశారు.

దొరికిన బస్సు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తి, ఊపిరి తీసుకోకుండా కథంతా చెప్పేశాను. టీచరుగారు చివరిదాకా విని, కళ్ళద్దాలు తీసి, “ఆయన వెళ్ళేటప్పటికి వేళెంతండి?” అన్నారు.

“మధ్యాహ్నమండీ.”

“భోజనాల వేళ! అన్నం పెట్టకుండా పంపేసేరా బాబూ?”

బాబాయిగారు చేతిలో కాయ ఆపేసి, నాకేసి జాలిగా చూశారు.

మస్కట్‌లో చాలా ఏళ్ళు చేశాను. తాగి వీరంగం వేసిన మహామహుల్ని కూడా గొడుగు పట్టే పంపాను. టీచరుగారు చనిపోయినప్పుడు నేను సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. చర్చి నుంచి సమాధుల దాకా వాన. పెట్టె పక్కనే నడుస్తూ దాని మీద గొడుగు పట్టాను. “ఇంకా ఆవిడ తడుస్తారటండీ?” అని ఎవరో మెల్లగా అన్నారు. యేసురత్నం బాబాయిగారు వెనక్కి తిరిగి, “పట్టనివ్వండి. ఆవిడ నేర్పిందే కదండీ,” అన్నారు.

ఇప్పుడు అమలాపురంలో టిక్కెట్లు బుక్‌ చేసే చిన్న ఆఫీసు నాది. పని లేకుండా వచ్చి గంటలు గంటలు కూర్చునే మహానుభావులకి కొదవ లేదు. ఒక్కర్నీ పొమ్మనలేదు. తలుపు పక్కన గొడుగు ఎప్పుడూ ఉంటుంది. ఎండైనా వానైనా అది విప్పి, గేటు దాకా దింపి వస్తాను. వేళ మధ్యాహ్నమైతే మాత్రం ముందు మా ఆవిడకి ఫోను చేస్తాను, ఇంకో కంచం పెట్టమని.