చాప మీద మిగిలిన ఇద్దరు

మా ఆఫీసు గవర్నర్‌పేటలో ఉంది. కింద హోల్‌సేల్ బట్టల కొట్లు, పైన మేము. మధ్యాహ్నం ఒంటిగంటకు నలుగురం క్యారేజీలు విప్పుకుని ఒక బల్ల చుట్టూ కూర్చుంటాం. మొన్న ఎక్కడో ఎవరికో ఉరిశిక్ష పడిందని ఫోన్లో వార్త వచ్చింది. గోంగూర పచ్చడి ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందేలోపే తీర్పులు కూడా వచ్చేశాయి. "పడగానే తీసెయ్యాలండీ, ఏళ్ల తరబడి మేపడమేంటి" అన్నారు పక్క సీటు ఆవిడ. "ఉరి తీసిన చోట నేరాలేమన్నా తగ్గినయ్యా?" అని ఎదురుగా కూర్చున్నాయన. చివరికి అందరూ నా వైపు తిరిగారు. "పుస్తకాలు చదువుతావుగా, నువ్వు చెప్పమ్మా." నలుగురిలో నోరు తెరవమంటే నాకు నోట్లో ఉన్న ముద్ద కూడా పెద్దదైపోతుంది. నవ్వి, గిన్నె కడుక్కోవడానికి లేచాను. కుళాయి కింద గిన్నె పట్టుకుని నిలబడితే మా అమ్మమ్మ ఊరి చర్చిలో ఆడవాళ్లు కూర్చునే పొడవాటి ఈత చాప గుర్తొచ్చింది. సాయంత్రం గదికి వచ్చాక డైరీ తీశాను. నోటితో చెప్పలేనివి నాకు అక్కడే వస్తాయి.

అమ్మమ్మ వాళ్లది చల్లపల్లి దాటాక, కాలువ గట్టు మీద కొంతదూరం వెళితే వచ్చే ఊరు. వేసవి సెలవులకు నన్ను బెజవాడలో బస్సెక్కించేవారు. అప్పటికి కాలువలు కట్టేసి ఉండేవి, అడుగున మిగిలిన బురదలో కొంగలు నిలబడి ఉండేవి. ఇంటి గడప తొక్కకముందే ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర వాసన వచ్చేది. అమ్మమ్మ నర్సుగా చేసి రిటైరైంది. ఊళ్లో సగం మంది తన చేతుల్లోనే పుట్టారు కాబట్టి ఆ సగం మందినీ, వాళ్లకెంత మీసాలొచ్చినా, "ఒరే" అనే పిలిచేది. మిగిలిన సగం మందినీ అలవాటు కొద్దీ అలాగే పిలిచేది. అల్లుడైన మా నాన్న ఒక్కరికే మినహాయింపు. నేను ఏడో తరగతి పూర్తిచేసిన ఆ వేసవిలో ఆమెకు కంట్లో శుక్లాలు తీశారు. రాత పని, చదువు పని నా మీద పడ్డాయి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆమెకు గర్వం. "ముత్యాలు కాదే, శనగలు. తినబుద్ధవుతయ్" అనేది.

అంతకు నాలుగేళ్ల ముందు అమ్మమ్మ తమ్ముడినీ ఆయన భార్యనీ నగల కోసం వాళ్లింట్లోనే చంపేశారు. చంపింది బయటివాడు కాదు. అదే ఊరివాడు, వాళ్ల ఇంట్లో అన్నం తిన్నవాడు, అమ్మమ్మ చేతుల్లో పుట్టినవాడు. కింది కోర్టు ఉరి వేసింది, పై కోర్టులు ఖాయం చేశాయి. ఇక మిగిలింది క్షమాభిక్ష అర్జీ ఒక్కటే. చంపినవాడి తల్లి మా చర్చికే వచ్చేది. సన్నగా, ఎప్పుడూ చెంగు భుజాల నిండా కప్పుకుని, చాపకు అటు చివర కూర్చునేది. ఇటు చివర అమ్మమ్మ.

మా చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు పేరిట అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఎవరితోనైనా తగాదా ఉన్నవాళ్లు అది తీర్చుకోకుండా ఆ రొట్టె ముట్టకూడదు. మామూలుగా దీనివల్ల ఊరికి మేలే జరిగేది. శనివారం సాయంత్రానికల్లా గట్టు తగాదాలు, కోళ్ల తగాదాలు హడావిడిగా రాజీ అయిపోయేవి. సోమవారం మళ్లీ మొదలయ్యేవనుకోండి. కానీ ఆ నాలుగేళ్లూ అమ్మమ్మ బల్ల దగ్గరికి వెళ్లలేదు. ఆవిడా సిగ్గుతో వెళ్లలేదు. వరసలు వరసలుగా అందరూ లేచి ముందుకు వెళ్లేవారు. కలరా ఉండల వాసన వేసే పెట్టె చీరలు గరగరమంటూ నన్ను దాటుకుంటూ పోయేవి. అంత పొడుగు చాప మీద ఆ చివరొకరు, ఈ చివరొకరు మిగిలేవారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవారు కాదు. నేను ఇంకా బల్లలో చేరే వయసు రాక గోడ వారగా కూర్చుని వాళ్లిద్దరినీ చూసేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో కోడికూర. పాస్టరుగారు, ఊళ్లో అందరూ అయ్యగారనేవారు, భోజనానికి వచ్చేవారు. వసారాలో ఆయనకూ మా మావయ్యకూ ఉరి గురించే వాదన. మావయ్య హైస్కూలు మాస్టారు కావడంతో వాదన కూడా పాఠంలాగే చెప్పేవాడు. "ఊరికే వెయ్యలేదండీ, అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసని రాశారు తీర్పులో."

"అరుదేముందిరా, మనింట్లో జరిగింది" అనేది లోపల్నుంచి అమ్మమ్మ.

"పొరపాటు తీర్పైతే ప్రాణం తిరిగి తేలేం గదా మాస్టారూ" అనేవారు అయ్యగారు, ఎముక పక్కన పెడుతూ.

"వాడే ఒప్పుకున్నాడు గదండీ, పొరపాటెక్కడిది? రేపు బయటికొస్తే పూచీ మీరుంటారా? మా మేనమామ మీద చూపించాడా దయ?"

అయ్యగారు ఇంకాస్త పులుసు వేసుకునేవారు. ఇద్దరి మాటలూ నాకు సరైనవిగానే అనిపించేవి. ఆ సంగతి అప్పటి డైరీలో కూడా రాసుకున్నాను.

ఒక మంగళవారం పొద్దున అతని తల్లి మా వాకిట్లోకి వచ్చింది. నాలుగేళ్లలో అదే మొదటిసారి. గుమ్మం ఎక్కకుండా, మెట్టు మీద ఒక కాగితం పెట్టి నిలబడింది. ఉరి తీయవద్దని అమ్మమ్మ పేరున వాళ్ల వకీలుగారు రాసిచ్చిన ఉత్తరం. చట్టంలో చనిపోయినవాళ్ల తాలూకు వాళ్ల మాటకు బలం లేకపోయినా, అర్జీకి అది జతచేస్తే పైవాళ్లు ఆలోచిస్తారని ఆయన చెప్పాడట. అమ్మమ్మ ఆ కాగితం తీసుకురమ్మని నాకు సైగ చేసింది. తర్వాత నాతో "తెల్లకాగితం తెచ్చి, శుభ్రంగా ఎత్తి రాయవే" అంది. మావయ్య పేపరు మడిచి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆవిడకు కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పాలనిపించింది, తెల్లకాగితం కోసం లోపలికి వెళ్లిపోయాను. ఇప్పటికీ అది నన్ను గుచ్చుతుంది.

నా శనగల్లాంటి అక్షరాలతో రాశాను. రాశాక చదవమంది. "నా తమ్ముణ్ణీ మరదలినీ చంపిన వ్యక్తిని నేను మనస్ఫూర్తిగా క్షమించాను" అన్న దగ్గర అమ్మమ్మ చెయ్యెత్తింది.

"ఎప్పుడు క్షమించానే?"

"వకీలుగారు రాశారు అమ్మమ్మా."

"అయితే సంతకం కూడా ఆయన్నే పెట్టమను."

మెట్టు దగ్గర ఆవిడ ముఖం పాలిపోయింది. "ఆ మాట లేకపోతే నిలవదంటన్నారక్కా. నీ నోటితో అనొద్దు. కాగితం మీదేగా."

"నీ కొడుక్కి ఉరి రాసిందీ కాగితం మీదే" అంది అమ్మమ్మ. ఇక అయిపోయిందనుకున్నాను. ఆవిడా అనుకుని ఉంటుంది, కాగితం కోసం చెయ్యి చాపింది. అమ్మమ్మ ఆ కాగితం చింపి, నన్ను ఇంకొకటి తీసుకోమంది. నల్ల కళ్లద్దాల వెనక ఎటు చూస్తోందో తెలియలేదు. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. "ఇతన్ని నేను క్షమించలేదు. క్షమించగలనో లేదో తెలీదు. అయినా ఉరి తీయవద్దని కోరుతున్నాను. జైల్లోనే ఉంచండి. మా పేరు చెప్పి ఇతన్ని చంపవద్దు." నేను రాస్తుంటే పెరటి గుమ్మంలోంచి మావయ్య అడిగాడు. "క్షమించనప్పుడు బతకనివ్వడం దేనికమ్మా?"

"వాణ్ణి ఉరి తీసిన రోజున అందరూ అయిపోయిందంటార్రా. పేపరోళ్లంటారు, నువ్వూ అంటావు. నా తమ్ముడి సంగతి నాకు అయిపోలేదు."

సంతకం వంకరగా వచ్చింది. ఆవిడ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, సిరా ఆరేదాకా అలాగే నిలబడి, వెళ్లిపోయింది.

మొదటి ఆదివారం వచ్చింది. ఉత్తరం సంగతి ఊరంతా తెలిసిపోయింది కాబట్టి, అమ్మమ్మ బల్లకు లేస్తుందని అందరూ ఎదురుచూశారు. అయ్యగారు ఆమె వైపు రెండుసార్లు చూశారు. అమ్మమ్మ లేవలేదు. అందరూ వెళ్లాక, మోకాళ్ల మీద చేతులు ఆనించి, చాప అటు చివరికి తిరిగి, నాలుగేళ్ల తర్వాత ఆవిడతో చర్చిలో మొదటి మాట అంది. "నువ్వెందుకు కూర్చున్నావ్? నీకెవరితో తగాదా? లే, వెళ్లు." ఆవిడ కదల్లేదు. "లేమ్మా, రొట్టె అయిపోద్ది" అని, చిన్నపిల్లను బడికి తరిమినట్టు చెయ్యి ఊపింది. ఆవిడ చెంగు సర్దుకుని లేచి, గోడ పట్టుకుంటూ ముందుకు నడిచింది. చాప మీద మా అమ్మమ్మ ఒక్కతే మిగిలింది.

నేను ఇంటర్‌లో ఉండగా ఆ ఉరిని యావజ్జీవంగా మార్చారు. మా ఉత్తరం వల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు. అతను ఇప్పటికీ జైల్లో ఉన్నాడు. మావయ్య ఇప్పటికీ తన మాట మీదే ఉన్నాడు. నేను డిగ్రీ పూర్తిచేసిన ఏడు ఒక ఆదివారం మావయ్యే ఫోన్ చేసి, అమ్మమ్మ ఇవాళ బల్లకు వెళ్లిందని చెప్పాడు. ఎవరికీ ముందు చెప్పలేదట. ఏడుపులూ లేవట. ఎందుకు వెళ్లావు అమ్మమ్మా అని నేనడిగితే, "మోకాళ్లు పట్టేసి లేచానే. లేచాను గదాని వెళ్లా" అంది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను. రెండేళ్ల కిందట అమ్మమ్మ చనిపోయింది.

ఉరి తీయడానికి ఒక్క తెల్లవారుజాము చాలు. క్షమించడానికి మా అమ్మమ్మకు పన్నెండేళ్లు పట్టింది, ఆ పన్నెండేళ్లూ అతను బతికి ఉండబట్టే పట్టగలిగింది.