మడ అడవి దారికడ్డంగా బాల్దో

దీవిలో అందరూ తియో, అంటే బాబాయ్, అని పిలిచే బాల్దో ఉయ్యాల్లోంచి లేవడు. ఆయన గురించి తెలుసుకోవలసింది అదొక్కటే. ఇంటికప్పు కారితే ఉయ్యాలని భార్యచేత పక్కకి జరిపిస్తాడు గానీ నిచ్చెన ఎక్కడు. పడవకి చిల్లుపడితే, "పోటు రానీ, చూద్దాం" అంటాడు. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది. ఆయన చూడ్డం మాత్రం ఎవరూ చూడలేదు.

ఒకసారి తుఫానుకి ఊరంతా బడిలోకి చేరితే, ఆయన్ని ఉయ్యాలతో సహా నలుగురు మోసుకొచ్చారు. "కాస్త కుదుపు లేకుండా నడవండయ్యా" అని దారంతా విసుక్కున్నాడట.

ఆ వేసవిలో చమురు ఓడ మునిగింది. వరిగడ్డి, కొబ్బరిపీచు, మంగలిషాపుల జుట్టు వలల్లో కుక్కి ఊరంతా చమురు పీల్చుకునేలా నీటికి అడ్డం కట్టింది. అయినా నల్లటి తెట్టు మడచెట్ల వేళ్లకి అంటింది. కెమిస్ట్రీ చెప్పే రోవేనా టీచర్‌కి కాలు నిలవలేదు. భర్త ఆ అడవిలోనే పీతలు పడతాడు. చంకలో పదినెలల పాప, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు. ఒక్కరోజు ఆలస్యమైనా అడవి చస్తుందని లెక్కగట్టి, ముప్ఫైమందిని పారలతో వెంటేసుకుని బయల్దేరింది.

లోపలికి ఒకటే కాలిబాట. దానికడ్డంగా రెండు చెట్లకి ఉయ్యాల. అందులో బాల్దో.

"లేవండి తియో! అడవి చచ్చిపోతోంది!"

"పోటు రానీ అమ్మాయ్, చూద్దాం."

"మీకు సిగ్గు లేదా?"

"ఉంది. ఇంట్లో పెట్టొచ్చాను. తెచ్చుకోవాలంటే నడవాలి."

తాళ్లు కోసేద్దామన్నాడొకడు. "కొయ్యి. కింద పడుకుంటా" అన్నాడు బాల్దో. ముసలాణ్ణి తొక్కి వెళ్లడానికి ఎవరికీ కాలు రాలేదు. మూడురోజులు ఇదే వరస. భార్య అన్నం అక్కడికే తెచ్చింది, తిట్లు నంజుకోమని.

నాలుగోరోజు నగరం నుంచి నిపుణురాలొచ్చింది. రోవేనా ఫిర్యాదు మొదలుపెట్టగానే ఆవిడ ఆపింది.

"అంటే లోపలికి ఎవరూ దిగలేదా?"

"ఈ మహానుభావుడు దిగనిస్తేగా!"

"బతికించారు. తొక్కితే నూనె బురదలోకి దిగి వేళ్లని చంపేది. పైనున్నది అలలే మెల్లగా కడుగుతాయి. అడవికేం కాదు."

బద్ధకం కూడా ఒకసారి పనికొచ్చిందని ఊరు పగలబడి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. రోవేనా ఒక్కతే నిలబడిపోయింది.

"మీకు ముందే తెలుసా?"

"కుర్రతనంలో పక్క దీవిలో ఇలాగే ఒలికింది. రెండొందలమందిమి దిగి శుభ్రం చేశాం. అడవే మిగలనంత శుభ్రం."

"మరి నాతో చెప్పొచ్చుగా! మూడురోజులు తిట్టానే!"

"మూడురోజులూ నీ వెనకున్నది నీ బడిపిల్లల అమ్మానాన్నలు. టీచర్ లెక్క తప్పు అని వాళ్లముందు అంటే, రేపు నీ మాట ఎవరు వింటారు? నన్ను సోమరి అంటే నాకు కొత్తగా పోయేదేముంది?"

రోవేనా ఊరివైపు తిరిగింది. "అందరికీ చెప్పేస్తాను" అంది.

బాల్దో చటుక్కున లేచి కూర్చున్నాడు. "చెప్పావో, నీకూ నాకూ చెడుతుంది! నేను మెలకువగానే ఉంటానని తెలిస్తే ఊరంతా పనులు పట్టుకొస్తుంది!"

మర్నాడు సంతలో ఊరిపెద్ద నవ్వాడు. "ఆ సోమరిపోతుకి భలే కలిసొచ్చింది టీచర్!"

"అంతేనండీ" అంది రోవేనా, పాపకోసం చేప ఎంచుతూ. "అంత పనికిమాలిన మనిషి ఈ చుట్టుపక్కల ఏ దీవిలోనూ లేడు."

అబద్ధమాడిన పిల్లలచేత గోడకుర్చీ వేయించే మనిషి. కనురెప్ప కూడా కదపలేదు.