అవ్వ దింపిన గాలిమోటరు

ఆ రోజుల్లో మా నల్లగొండ వైపు ఆకాశంలో మోత వినపడితే జనం ముందు ఇళ్ళలోకి ఉరికేవారు, తర్వాతే అదేమిటని అడిగేవారు. పోలీసు చర్య జరిగి కొద్ది నెలలే అయింది. రజాకార్ల పీడ వదిలిందని ఊపిరి పీల్చుకునేలోపే, సంఘపోళ్ళ కోసం, అంటే కమ్యూనిస్టు దళాల కోసం, గుట్టలు గాలిస్తూ యూనియన్ మిలిటరీ వచ్చి నార్కట్‌పల్లి దగ్గర క్యాంపు వేసింది. అనుమానం వస్తే చాలు, లారీ ఎక్కించుకుని పోయేవారు. ఎక్కినవాళ్ళంతా తిరిగి రాలేదు. అలాంటి కాలంలో, గొర్రెలు కాసుకునే ఇంట పుట్టి, నేను ఏరికోరి చేరిన చదువు ఏమిటయ్యా అంటే విమానాశ్రయ నిర్వహణ. (ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు, మీరు నమ్మకపోయినా తప్పులేదు.)

పట్నంలో విశ్వవిద్యాలయం వారు ఆ చదువు కొత్తగా పెట్టారు. విమానం నడపడం నేర్పుతారనుకుని చేరాను. మొదటి రోజే మా మాస్టర్‌సాబ్ బల్ల మీద బెత్తంతో కొట్టి, "మీలో ఒక్కడూ విమానం నడపడు. ఎక్కేవాళ్ళ మూటలు తూస్తారు, దిగేవాళ్ళకు దారి చూపిస్తారు" అని తేల్చేశాడు. సగం చదువు ఉర్దూలో అయ్యాక ప్రభుత్వం మారి, మిగతా సగం ఇంగ్లీషులో వచ్చిపడింది. నిన్నటిదాకా కంఠస్థం చేసిన హవాయీ అడ్డా తెల్లారేసరికి ఏరోడ్రోమ్ అయి కూర్చుంది. ఇవన్నీ ఎట్లాగో మింగాను కానీ, సెలవులకు ముందు మాస్టర్‌సాబ్ ఇంకో పిడుగు వేశాడు. నేలకు దిగిన విమానం ఎటు రావాలో, ఎక్కడ ఆగాలో చేతి సైగలతో చూపించాలట, పరీక్షలో తడబడితే తప్పినట్టేనట. "విమానం మీదికి వచ్చినా సరే, సైగ చేసేవాడు తన జాగా వదలకూడదు" అని కూడా అన్నాడు.

అందుకని ఇంటికి రాగానే నాయిన పాత తలరుమాలును రెండు ముక్కలు చేసి, ఊరి బయట బోడబండ ఎక్కి పొద్దున్నే సాధన మొదలుపెట్టాను. ఎదురుగా విమానం ఉన్నట్టు ఊహించుకోవడం, రమ్మనడం, మళ్ళించడం, చివరికి రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి ఆపడం. మా అవ్వ కింద నిలబడి నోరు తెరుచుకుని చూసేది.

"గిదేం సదువురా? గుడ్డలు ఊపుడు సదువా?"

"గాలిమోటరు దిగేటప్పుడు గిట్ల సైగ చెయ్యాలె అవ్వా. నేను చెప్పినకాడ్నే అది ఆగాలె."

"నువ్వు చెప్తె గంత పెద్దది ఇంటదా?"

"ఇంటది."

అవ్వ ఆ మాట పట్టుకుని ఊరంతా తిరిగి వచ్చింది. సాయంత్రానికల్లా నేను గాలిమోటర్లను దింపేవాణ్ణయిపోయాను. నాకూ మనసులో కొంచెం బాగానే ఉండింది, అబద్ధమెందుకు!

మూడో పొద్దున బండ మీద నేను తూర్పు ముఖంగా ఊహా విమానాన్ని ఆపుతుండగా, పడమర నుంచి నిజం జీపు వచ్చి ఆగింది. వెనకే లారీ. జీపులోంచి దిగినవాడు గుబురు మీసాల కప్తాన్. పక్కన దుబాసీ, అంటే మా మాటలు ఆయనకూ ఆయన మాటలు మాకూ చెప్పడానికి కోస్తా నుంచి వచ్చిన సన్నటి యువకుడు. మా తెలుగు వింటే అతనికి నవ్వొచ్చేది, అర్థమయ్యేది మాత్రం కాదు. గుట్టలోని సంఘపోళ్ళకు గుడ్డలూపి కబురు పంపుతున్నానని కప్తాన్ అనుమానం. నన్ను చెరోవైపు పట్టుకుని మా ఇంటికి తెచ్చి సోదా చేశారు. గొంగళ్ళు, ఉన్నికత్తెర, సగం గంప జొన్నలు దొరికాయి.

"మీ వాడు ఏం చదువుతున్నాడో చెప్పండమ్మా" అన్నాడు దుబాసీ.

మనవణ్ణి కాపాడే సమయం వచ్చిందని అవ్వ కొంగు నడుముకు చుట్టింది. "మా పోరడా? గాలిమోటర్లను కిందికి దింపే సదువు సదువుతాండు బాంచెను! పట్నంల రోజుకు రెండు మూడు దింపుతరట!"

దుబాసీ ముఖం పాలిపోయింది. కప్తాన్ వైపు తిరిగి, "సాబ్, యే హవాయీ జహాజ్ గిరాతా హై!" అన్నాడు. విమానాలను కూలుస్తాడట!

నా చెవులు నేనే నమ్మలేదు. "గిరానా నహీ సాబ్, ఉతార్నా!" అని అరిచాను. కూల్చడం కాదు మహాప్రభో, దించడం. కప్తాన్ మీసం కదల్లేదు. ఎట్లా చేసినా కింద పడేది విమానమే కదా అన్నాడు. అవ్వకు ఇదేమీ అర్థం కాక, వాళ్ళు మెచ్చుకుంటున్నారనుకుని, "ఇంక పెద్దగైనంక పెద్దపెద్దయి దింపుతడు!" అని జోడించింది. దుబాసీ దాన్ని కూడా తర్జుమా చేశాడు. నన్ను లారీ ఎక్కించారు.

లారీ కదిలాక కానీ అవ్వకు సంగతి తెలియలేదు. ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మంద దగ్గర ఉన్న నాయిన గొర్రెలను వదిలేసి, గొంగడి జారిపోతున్నా చూసుకోకుండా, లారీ వెనక దుమ్ములో పరుగెత్తుకొస్తున్నాడు. కొంత దూరం కనపడ్డాడు, తర్వాత దుమ్మే మిగిలింది. అప్పటిదాకా ఉన్నది దిగ్భ్రమ, అప్పుడు వచ్చింది భయం.

క్యాంపులో కప్తాన్ నన్ను చాలాసేపు ప్రశ్నించాడు. సగం ఉర్దూలో, సగం ఇంగ్లీషులో చెప్పాను. (ప్రభుత్వం మారినందుకు అక్కడ మొదటిసారి మేలు జరిగింది.) గుడ్డలూపడం నేర్పే విశ్వవిద్యాలయం ఉంటుందంటే ఆయన నమ్మడే! చివరికి మైదానంలో నిలబెట్టి, నా రుమాలు ముక్కలు నా చేతికిచ్చి, ఆ చివర లారీ పెట్టించాడు. దీన్ని విమానమనుకో, తీసుకొచ్చి నీ ముందు ఆపు అన్నాడు. డ్రైవరుకు ఆ కుర్రవాడి చేతులు చూసి నడపమని మాత్రమే చెప్పారు. ఏ సైగకు ఏమిటి అర్థమో ఎవరూ చెప్పలేదు. నాకూ తట్టలేదు.

రమ్మన్నాను, వచ్చింది. ఎడమకన్నాను, అటే తిరిగింది. నాలో ఏదో గర్వం కూడా పొడుచుకొచ్చింది. ఇక ఆపాలని రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాను. లారీ ఆగలేదు. ఇంకా పైకెత్తి పెట్టాను. ఇంకా వేగంగా వచ్చింది. చుట్టూ సిపాయిలు అరుస్తున్నారు. కంచె అవతల నుంచి, ఎప్పుడు వచ్చి చేరాడో, మా నాయిన గొంతు, "జరుగు బిడ్డా, జరుగు!" అని. నేను కళ్ళు మూసుకున్నాను. కీచుమని శబ్దమైంది, ముఖానికి వేడి గాలి తగిలింది. కళ్ళు తెరిస్తే లారీ ముక్కు నా ముక్కుకు మూరెడు దూరంలో ఉంది.

డ్రైవరు చెమటలు కక్కుతూ దూకి, వీడు దేవుడికి దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను సాబ్ అన్నాడు. కప్తాన్ నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి, ఎందుకు పక్కకు తప్పుకోలేదురా అని గద్దించాడు. "క్లాసులో కదలొద్దన్నారు సాబ్" అన్నాను. ఆయన మీసాల కింద నుంచి మొదలైన నవ్వు పొట్టదాకా దిగింది. "సంఘపోడైతే ఎప్పుడో ఉరికేవాడు. చదువుకునేవాడు తప్ప ఇట్లా ఎవడు నిలబడతాడు!" అని వదిలేయమన్నాడు. దుబాసీ కంచెదాకా వెంట వచ్చి, "మరేమనుకోకండి, మీ మామ్మగారి మాట నాకు అందలేదండి" అన్నాడు. అతనిదీ నా ఈడే.

నాయినా నేనూ చేలగట్ల మీదుగా ఇంటికి నడిచాం. నా భుజం మీద వేసిన చెయ్యి ఆయన తీయలేదు. ఊరు కనపడ్డాక నిలబడి అడిగాడు.

"గిదేనారా నీ సదువు? మోటర్ల ముందట నిలబడుడు?"

"గిదే నాయినా."

"గొర్ల ముందట నిలబడకపోయినవా బిడ్డా? అవి ఆగుతయ్ గద."

ఇద్దరం గట్టు మీద కూర్చుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆ నీళ్ళు దేనివో ఒకరినొకరం అడగలేదు.

పరీక్ష పాసయ్యాను, ఏరోడ్రోమ్‌లో ఉద్యోగమూ చేశాను. మాస్టర్‌సాబ్ అన్నట్టే మూటలు తూస్తూనే వయసు గడిచింది. ఊరికి వెళ్తే నా ఈడువాళ్ళు ఇప్పటికీ మనవళ్ళకు నన్ను చూపించి, "మిలిటరీ లారీకి ఎదురు నిలిచిన మొగోడు" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఒక్కోసారి మాత్రం ఆ మైదానంలో రుమాలు ముక్కలతో నిలబడ్డ పిల్లవాడు కళ్ళముందుకొస్తాడు. వెళ్ళి భుజం పట్టుకుని, "పక్కకు జరుగురా పిచ్చోడా, క్లాసులో అట్లాగే చెప్తారు" అనాలనిపిస్తుంది. చెప్పినా జరిగేవాడు కాదులెండి. భయానికి బిగుసుకున్న కాళ్ళు రావాలి కదా, పాపం.