గాలికి అడ్డురాని ఇళ్ళు

తండ్రిని చూసి జడుసుకునే పిల్లలు ఎక్కడైనా ఉంటారు. కానీ భూలక్ష్మి కూతురు కనకం ఏడుపు వేరు. వారానికోసారి, సెలవు దినాన, తండ్రి ఎల్లేశం వాగు దాటి ఇంటికొచ్చి గడపలో నిలబడగానే, ఎవరో పరాయివాడు ఇంట్లోకి దూరినట్టు ఆ రెండేళ్ళ పిల్ల తల్లి చీరకొంగు పట్టుకుని గుక్కపెట్టేది. పొద్దుగూకేసరికి కాస్త అలవాటుపడి అతని వేలు పట్టుకునేది. తెల్లారి లేచి చూస్తే తండ్రి ఉండేవాడు కాదు. మళ్ళీ వారం అంతా మొదటికొచ్చేది.

ఎల్లేశం బాలానగర్ దిక్కున కొత్తగా లేచిన ఇనుప సామాన్ల కార్ఖానాలో పనివాడు. వాళ్ళ ఊరు గుండ్లగూడెం, మాదాపూర్ బండలకూ చందానగర్ పొలాలకూ నడుమ ఉంటుంది. రైలు స్టేషన్ ఊరికి మరీ దూరమేమీ కాదు. కానీ మధ్యలో వాగుంది. వానాకాలంలో అది ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు దారి ఇస్తుందో ఎవరూ చెప్పలేరు. పొద్దుటి రైలు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. రెండుసార్లు రైలు తప్పిపోయాక, మూడోసారి తప్పితే ఇక రానక్కరలేదని మేస్త్రీ చెప్పాడు. అప్పటినుంచి ఎల్లేశం మరో నలుగురితో కలిసి కార్ఖానా దగ్గరే ఒక కిరాయి గదిలో ఉంటున్నాడు.

భూలక్ష్మికి ఈ సంగతి మిగతావాళ్ళకంటే ఎక్కువగా గుచ్చుకునేది. ఆమె తండ్రి గొర్రెల మందతో మేత వెతుక్కుంటూ ఏడాదిలో సగం రోజులు ఊళ్ళు తిరిగేవాడు. మంచివాడు. వచ్చినప్పుడల్లా పిల్లలకు ఏదో ఒకటి తెచ్చేవాడు. ఆయన పోయిన రోజు ఇంటినిండా ఏడుపులు. భూలక్ష్మికి మాత్రం కన్నీళ్ళు రాలేదు. తనకు ఆయన గొంతు కూడా సరిగా గుర్తులేదని ఆ రోజే తెలిసింది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. కనకం ఏడ్చిన ప్రతిసారీ మాత్రం అదే గుర్తుకొచ్చేది. ఇప్పుడు కడుపులో ఇంకో బిడ్డ కూడా ఉంది.

రజాకార్ల గొడవ సద్దుమణిగి, పోలీసు చర్య అయిపోయిన తర్వాతి చలికాలం అది. కొత్త అధికారులు వచ్చారు. స్టేషన్ పక్కన, పట్టాల వెంట, సర్కారు జాగా ఒకటి ఎప్పటినుంచో ఖాళీగా పడి ఉంది. అక్కడ ఇళ్ళు కట్టుకోనివ్వమని రైలెక్కి పనికి పోయే కుటుంబాలు అర్జీ పెట్టుకున్నాయి. తాలూకా నుంచి వచ్చిన రెవెన్యూ అధికారి గిర్దావరు జాగా చూసి, ఊరివాళ్ళు ఒప్పుకుంటే నివాసాల కింద రాయిస్తాననీ, ఒప్పుకోకపోతే వదిలేస్తాననీ, వచ్చే వారపు అంగడి రోజుకు మాట చెప్పమనీ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే చావడి దగ్గర ఊరంతా పోగైంది. ఆడవాళ్ళు గోడ పక్కన కూర్చున్నారు. పట్వారీ వెంకటనారాయణ గిర్దావరు చెప్పిన మాట చెప్పడం పూర్తవకముందే ఐలయ్య లేచాడు. ఆ జాగాకు పడమర పక్కనే, పంట నూర్చి తూర్పారబట్టే ఊరి కల్లాలున్నాయి. వాటిలో మొదటి కల్లం ఐలయ్యది.

"పంతులూ, ఇండ్లు కట్టొద్దని నేనంటలేను. ఆడ కట్టొద్దంటున్న. కోతలైనంక తూర్పు గాలి ఆ జాగ మీదికెల్లే వస్తది. తాతల కాలం నుంచి ఆడ ఒక్క పందిరి గుంజ కూడ పాతనియ్యలే. ఎందుకు? గాలి లేకుంటె పొట్టు ఎట్ల పోతది? నోట్ల ఊదుకోవాల్నా?"

"మామా," అన్నాడు ఎల్లేశం. ఆ రోజు అతనికి సెలవు; మర్నాడు మధ్యాహ్నందాకా కూడా మేస్త్రీని అడిగి వచ్చాడు. "గాలి మీకు కావాలె, రైలు మాకు కావాలె. రెండు ఒక్క జాగల్నే పడ్డయి. ఏం జేద్దాం?"

"జర వాగు దాటి నడువున్రి. మేం నడుస్తలేమా?"

"నువ్వు కల్లానికి పోతవ్. నీ కల్లం కూత పెట్టి ఎల్లిపోదు కద."

కొందరు నవ్వారు. ఐలయ్య నవ్వలేదు. మాటకు మాట పెరిగింది. స్టేషన్ దగ్గర ఇళ్ళు లేస్తే ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరతారని ఒకరు, బావి చాలదని ఒకరు, ఊరు రెండు ముక్కలవుతుందని ఇంకొకరు అన్నారు. ఇవేవీ తీసిపారేసే మాటలు కావు. చివరికి విసుగెత్తిన ఐలయ్య చేతికర్రతో నేల మీద గీత గీశాడు.

"అంత పానం కొట్టుకుంటె, వానల గొర్లు నిలబడ్డట్టు ఒగరికొగరు అతుక్కొని కట్టుకోన్రి. గిట్ల, తూర్పు నుంచి పడమరకు ఒక్కటే వరుస. ముంగటి ఇల్లొక్కటే గాలికి ఎదురు, మిగిలినయన్ని దాని యెనుక. అట్లయితె నా కల్లానికి అడ్డం రాదు. కట్టుకుంటరా? ఒక్క గోడకు రెండిండ్లు పెడ్తరా?"

చావడి చావడంతా గొల్లుమంది. ఆ నవ్వులో కొత్తవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. గుండ్లగూడెంలో అన్నదమ్ములు తప్ప ఎవరూ ఒకే గోడకు ఇళ్ళు కట్టుకోరు. ప్రతి ఇంటికీ చుట్టూ మనిషి నడిచేంత సందు ఉండాలి. ఒకే గోడ అంటే ఒకే ఇంటి కిందే లెక్క. గోడకు ఇవతల పురుడు వచ్చినా, చావు వచ్చినా, గోడకు అవతలివాళ్ళకూ ఆ అంటు ఉంటుంది. అంటు తీరేదాకా పెళ్ళి చేయకూడదు, విత్తనం వేయకూడదు, చేతివంట ఇంకొకరికి పెట్టకూడదు. అలాంటిది, ఏ చుట్టరికమూ లేని కుటుంబాలు గోడలు పంచుకోవడమా?

వెంకటనారాయణ మాత్రం ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు. "ఐలయ్యా, ఇప్పుడన్న మాట మీద నిలబడ్తవా?"

"ఎగతాళికి అన్న పంతులూ."

"ఎగతాళికన్నా సరే. నిలబడ్తవా?"

ఐలయ్య ఇరుకున పడ్డాడు. కానీ మాట తిప్పే మనిషి కాదు. "గాలి వస్తె నిలబడ్త. రేపు పొద్దుగాల చూద్దాం," అన్నాడు.

మర్నాడు ఊళ్ళోని బండ్లన్నీ ఆ జాగాకు చేరాయి. బండ్లకు తడికలు నిలువుగా కట్టి, ముందు ఊళ్ళో ఇళ్ళలాగే సందులు వదులుతూ అక్కడొకటి ఇక్కడొకటి నిలబెట్టారు. సందులు వదిలితే పట్టాల పక్క జాగా చాలక, రెండో వరుస వేస్తే, అది కల్లాలకు గాలి వచ్చే దారిలోకి వచ్చింది. ఐలయ్య తన కల్లంలో పీటెక్కి చేటతో జొన్నలు ఎగరబోశాడు. పొట్టు గింజలతో పాటే అతని కాళ్ళ దగ్గర పడింది. అతను అందరినీ చూశాడంతే.

తర్వాత బండ్లను ఒకదాని వెనక ఒకటి, సందు లేకుండా, పట్టాల వెంట ఒకే గీతలా నిలబెట్టారు. ఐలయ్య మళ్ళీ చేట ఎత్తాడు. పొట్టు తేలిపోయి దూరంగా రాలింది. అతను ఇంకోసారి పోశాడు, ఇంకోసారి కూడా పోశాడు. పీట దిగి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు.

"వస్తది," అన్నాడు. "ఇగ మీ ఇష్టం. అతుక్కుంటరో లేదో మీరే చూసుకోన్రి."

చిక్కు అప్పుడు మొదలైంది. అర్జీ పెట్టినవాళ్ళు తమలో తాము తేల్చుకోవడానికి కల్లాల పక్కనే కూర్చున్నారు. ఎవరి పక్కన ఎవరు? అందరికీ చివరి ఇల్లే కావాలి. అలా అయితే ఒకవైపు గోడైనా తప్పుతుంది. సాయిలు ఎల్లేశంతో ఒకే కార్ఖానాలో, పక్కపక్కనే పనిచేసేవాడు. అతను మొహమాటంగానే అన్నాడు.

"తప్పు పట్టకు ఎల్లేశం. మా తమ్ముని పెండ్లి పెట్టుకున్నం. మీ ఇంట్ల జల్దినే పురుడొస్తది. ఒక్క గోడైతె మా పెండ్లి ఆగుతది."

పెంటయ్య ఇంట్లో మంచాన పడ్డ ముసలితల్లి ఉంది. అతని పక్కన ఉండడానికీ ఎవరూ ముందుకు రాలేదు. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. అన్నీ నిజమైన కారణాలే. భూలక్ష్మి కనకాన్ని ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉంది. రైలు వచ్చే వేళ కావడంతో ఎల్లేశం లేచి, చొక్కా దులుపుకుంటూ భార్య వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. కనకం అతను వెళ్ళడాన్ని గమనించనే లేదు. ఇక ఈ మాట ఇక్కడితో ఆగిపోతుందని భూలక్ష్మికి అనిపించింది.

అప్పుడు వెనకనుంచి పోచమ్మ లేచింది. స్టేషన్ బయట గంప పెట్టుకుని, శనగలు ఉడికించి గుడాలు అమ్మే మనిషి. మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లలు కలగలేదు. రైలు వాళ్ళ గోడ పక్కన ఒక రేకుల చాటున పడుకునేది. అర్జీలో ఆమె పేరు కూడా ఉందన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది.

"నా గోడ, ఆ పిల్ల గోడ ఒక్కటి చెయ్యున్రి," అంది భూలక్ష్మిని చూపిస్తూ.

"అవ్వా, పురుడొస్తది ఆడ," అన్నాడు సాయిలు. "అంటు తీరేదాంక నీ గుడాలు ఎవ్వరు కొనరు."

"కొనకుంటె కొనకపోయిరి. ఆ దినాలు కూసుంట. ఏం, నేను కూసోవద్దా?" పోచమ్మ గంప కింద పెట్టింది. "నా ఇంటికి పురుడు ఇంతవరకు రాలే బిడ్డ. ఏ పురుటింటికి నన్ను పిలువలే. వాకిలి కెల్లి రాలే, గోడ కెల్లి అన్న రానియ్యున్రి."

భూలక్ష్మి అత్త కిష్టమ్మ కోడలి మోచేయి గట్టిగా పట్టుకుంది. పిల్లలు లేని మనిషి చూపు బాలింత మీద పడితే మంచిది కాదని ఆ ఊళ్ళో గట్టి నమ్మకం. గుడాలు కొనడానికి వెళ్ళినప్పుడు కూడా తల్లులు చంకలోని పిల్లల మొహాలు కొంగుతో కప్పేవాళ్ళు. "వద్దను," అంది కిష్టమ్మ చెవిలో. "ఊకె ఉంటవేంది? వద్దను."

భూలక్ష్మికి భయం లేదని కాదు. కనకానికి కొంచెం ఒళ్ళు వెచ్చబడితే రాత్రంతా మేలుకుని కూర్చునే మనిషి ఆమె. కడుపులోని బిడ్డ కొంతసేపు కదలకపోతే అన్నం సహించేది కాదు. ఆమె పోచమ్మ మొహం చూసింది. ఆ మొహంలో ఆశ ఉంది, వద్దంటారేమోనన్న సిగ్గూ ఉంది.

"అత్తా," అంది నెమ్మదిగా, "ఆమె చూపు గోడ దాటి వస్తదో రాదో నాకు తెల్వదు. నీ కొడుకైతె వాగు దాటి వస్తలేడు. రెండిట్ల దేనికి భయపడాలె, నువ్వే చెప్పు."

కిష్టమ్మ చెయ్యి వదిలేసింది.

"అవ్వా," అంది భూలక్ష్మి ఈసారి అందరికీ వినిపించేలా, "అంటు పట్టాలంటె సరిగ పట్టాలె మరి. నడుమల లేచి గుడాలమ్ముడు లేదు."

"గంప ముట్టనే ముట్ట. నీ తోటి నాకు కూడ ఎల్లిపాయ కారం బువ్వ పెట్టాలె."

"పెడ్త."

"నెయ్యి?"

"నెయ్యి సంగతి మా అత్తనడుగు."

కిష్టమ్మకు కూడా నవ్వొచ్చింది. దాచుకుందామని మొహం తిప్పుకుంది. గుడాలమ్మే ముసలమ్మ అంటు పడతానన్నాక, రెక్కలున్న మగవాళ్ళు చివరి ఇంటి కోసం కొట్లాడుకోవడం బాగుండదనిపించిందేమో, పెంటయ్య పక్కన ఉంటానని ఒకరు ఒప్పుకున్నారు. సాయిలు తమ్ముడి పెళ్ళి ముందుకు జరుపుకుని, పోచమ్మకు అవతలి గోడ తీసుకుంటానన్నాడు. అంగడి రోజున గిర్దావరు వచ్చినప్పుడు వెంకటనారాయణ ఊరి మాట చెప్పాడు. ఐలయ్య పక్కనే నిలబడి, రెండో వరుస లేవకూడదన్న షరతు కూడా రాయించాడు.

మట్టిగోడలు లేచాయి. వాననీళ్ళు పక్కింటి మీద పడకుండా పైకప్పుల వాలు ముందుకీ వెనక్కీ పెట్టారు. ఐలయ్య అప్పుడప్పుడు వచ్చి, గుప్పెడు పొట్టు గాలిలో ఎగరేసి, అది ఎటు పోతుందో చూసి వెళ్ళేవాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. కట్టుకునేవాళ్ళ మంచికీ అతని మంచికీ మధ్య ఉన్నది ఆ ఒక్క గీతే.

కలిసి ఉండడం తేలిక కాదని కొత్త ఇళ్ళలోకి వచ్చిన మొదటి రోజుల్లోనే తెలిసింది. ఒకరి పొయ్యి పొగ ఇంకొకరి కళ్ళలోకి వచ్చేది. పోచమ్మ దగ్గు భూలక్ష్మి ఇంట్లో వినిపించేది. కనకం మారాం పోచమ్మ ఇంట్లో వినిపించేది. బావి దగ్గర రోజూ ఏదో ఒక తగాదా. బావి పక్కన బట్టలుతకకూడదనీ, మురుగు వేరే దిక్కుకు పోవాలనీ భూలక్ష్మి అందరి వెంటా పడి, చివరికి కాలువ తవ్వించింది. పిల్లలున్న చోట ఆ మాత్రం ఫికర్ ఉండాలి అనేది.

ఎండలు ముదిరినప్పుడు ఆమెకు కొడుకు పుట్టాడు. బిడ్డ ఏడ్చిన చప్పుడు గోడకు అవతల వినిపించగానే పోచమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న శనగలను దించేసింది. పురుడు తీరేదాకా గంప ఎత్తలేదు. ఉతికిన చీర కట్టుకుని, తన గడపలో దర్జాగా కూర్చుంది. రైలు దిగినవాళ్ళు గుడాలేవని అడిగితే, "లేవు. మా ఇంట్ల పురుడు," అని చెప్పేది. కిష్టమ్మ పళ్ళెంలో బువ్వ తెచ్చి ఆ గడప దగ్గర పెట్టేది. కొడుకు పుట్టిన సంతోషంలో నెయ్యి కూడా వేసేది. దిష్టి తగలకుండా బాబు చేతికి నల్లదారం కూడా కిష్టమ్మే కట్టింది. భూలక్ష్మి దాన్ని విప్పలేదు. పోచమ్మ దాన్ని చూసి, తన పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. ఎల్లేశం రోజూ పొద్దుటి రైలుకు పోయి, సాయంత్రపు రైలుకు తిరిగొస్తున్నాడు. మొదట్లో కొన్నాళ్ళు కనకం అతన్ని చూడగానే తలుపు వెనక దాక్కునేది. తర్వాత దూరంగా నిలబడి చూసేది. ఒక సాయంత్రం రైలు దిగి, తడిసిన తలతో అతను గడపలోకి వచ్చేసరికి ఆ పిల్ల నేల మీద చింతగింజలు పేర్చుకుంటోంది. "కనకం," అన్నాడు ఎల్లేశం.

కనకం తల కూడా ఎత్తలేదు. "ఆఁ," అని, చెయ్యి చాచి, అతని కాలు కింద పడ్డ గింజ కోసం ఆ కాలిని పక్కకు నెట్టి, మళ్ళీ తన ఆటలో పడింది.

ఎల్లేశం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. భూలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిప్పుతూ, ఇంట్లో ఉండే మనిషిని పిల్లలు పట్టించుకోరు మరి అనుకుని, ఇంకో రొట్టెకు పిండి తీసుకుంది.